అక్కకీ చెల్లికీ నాన్న ఇచ్చింది ఒకే ఎక్స్, మరి నెత్తురు ఆగనిది అక్కకే ఎందుకు?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. చదివే మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారికి హీమోఫీలియా ఏ ఉంది, అంటే ఎక్స్ క్రోమోజోమ్ మీది ఒక జన్యువు పాడై, నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ తగ్గిపోయే జబ్బు. మీ అక్కకి జ్ఞానదంతం పీకిస్తే మూడు రోజులపాటు దిండు మీద నెత్తురు మరకలే. అక్కడి డాక్టరు "క్యారియర్లకి ఏం కాదమ్మా, రెండో ఎక్స్ పనిచేస్తుంది కదా" అని గాజుగుడ్డ పెట్టి పంపేశారు. మీ చెల్లికి అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది, ఏ గొడవా రాలేదు. ఇప్పుడు అక్కకి ఐదో నెల. మీరు మూడు విషయాలు అడిగారు. నాన్న నుంచి ఇద్దరికీ వచ్చింది అదే ఎక్స్ అయినప్పుడు ఒకరికి ఇలా, ఒకరికి అలా ఎందుకు? ఆడవాళ్ళలో ఒక ఎక్స్ మూతపడుతుందంటారు, ఏది మూతపడాలో ఎవరు తేలుస్తారు? ఎలాగూ ఒకటి మూతపడేదే అయితే, ఒకే ఎక్స్‌తో పుట్టే టర్నర్ అమ్మాయిలకి ఇబ్బందులెందుకు?

నేను డాక్టర్ని కాను. క్రోమోజోమ్ పరీక్షలు చేసే ల్యాబ్‌లో ఇరవై ఏడేళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. అందుకని వైద్యం సంగతి హెమటాలజిస్టుకే, అంటే రక్తవ్యాధుల డాక్టరుకే, వదిలేసి, జరుగుతున్నదేమిటో చెబుతాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. మీ అక్కకి ఫ్యాక్టర్ 8 ఎంత శాతం ఉందో కొలిపించండి. "క్యారియర్" అంటే లోపమున్న జన్యువుని ఒక ఎక్స్ మీద మోసే మనిషి, అది జన్యువు గురించి చెప్పే మాట. నెత్తురు గడ్డకట్టాలంటే కావలసింది ప్రోటీన్. ఆ ప్రోటీన్ ఎంత ఉందో కొలవకుండా "ఏం కాదు" అనడం తప్పు. ఆ మాట విని ఊరుకున్న ఆడవాళ్ళు నెలనెలా విపరీతంగా రక్తం పోతున్నా "మా ఇంట్లో అందరికీ అంతే" అనుకుని బతికేస్తారు. అలాంటివాళ్ళని నేను చాలామందిని చూశాను.

మీ నాన్నగారికి ఉన్నది ఒకే ఎక్స్ కనక అది కూతుళ్ళిద్దరికీ వచ్చి తీరుతుంది. వాళ్ళు క్యారియర్లా కాదా అని పరీక్ష చేయించనే అక్కర్లేదు, ఖాయంగా క్యారియర్లే. మీకు ఆయన వై క్రోమోజోమ్ ఇచ్చారు. మీకు ఆ జబ్బు లేదు, మీ నుంచి మీ పిల్లలకీ వెళ్ళదు.

ఇక అసలు సంగతి.

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొట్టమొదట చూపించేది ఖరీదైన పరీక్షేమీ కాదు. చెక్క పుల్లతో వాళ్ళ బుగ్గ లోపల మెల్లగా గీరి, ఆ తడిని గాజు పలక మీద పూసి, ఆల్కహాల్‌లో ముంచి, క్రెసిల్ వయొలెట్ రంగు వేసి, నూనె చుక్క పెట్టి వంద రెట్ల లెన్సు కింద చూడమంటాను. చెంప కణం పలచటి అప్పడంలా పరుచుకుని ఉంటుంది. మధ్యలో లేత ఊదా రంగు న్యూక్లియస్. స్లైడు అమ్మాయిదైతే ఆ న్యూక్లియస్ అంచుకి, పొరకి ఆనుకుని, చిన్న ముదురు రంగు మచ్చ కనిపిస్తుంది, గిన్నె అంచుకి నువ్వుగింజ అంటుకున్నట్టు. అన్ని కణాల్లోనూ కనిపించదు. న్యూక్లియస్ పక్కకి ఒరిగి ఉంటే అది చాటుకి పోతుంది. నూరు కణాలు ఓపిగ్గా లెక్కపెట్టాలి. అబ్బాయి స్లైడులో ఎంత వెతికినా అది ఉండదు. మూడు ఎక్స్‌లున్న స్త్రీలో రెండు గింజలు కనిపిస్తాయి. ఎక్స్ఎక్స్‌వై ఉన్న పురుషుడిలో, అంటే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్‌లో, ఒకటి కనిపిస్తుంది. ఎన్ని ఎక్స్‌లున్నా ఒకటి మాత్రమే మెలకువగా ఉంటుంది, మిగతావన్నీ ముడుచుకుపోతాయి.

దీన్ని మొదట చూసినవాళ్ళు 1949లో ముర్రే బార్, ఆయన విద్యార్థి ఎవార్ట్ బెర్‌ట్రమ్. చోటు కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, అక్కడి లండన్ అనే ఊరు. వాళ్ళు పిల్లుల నాడీకణాలు అలసిపోతే వాటిలో ఏం మార్పు వస్తుందో చూస్తున్నారు. కొన్ని పిల్లుల కణాల్లో ఆ మచ్చ ఉంది, కొన్నింట్లో లేదు. రికార్డులు తిరగేస్తే మచ్చ ఉన్నవన్నీ ఆడ పిల్లులని తేలింది. అందుకే దాన్ని బార్ బాడీ అంటాం. అది రెండు ఎక్స్‌లు కలిసి ఏర్పడ్డ ముద్ద కాదనీ, గట్టిగా ముడుచుకున్న ఒకే ఒక్క ఎక్స్ అనీ పది సంవత్సరాల తర్వాత, 1959లో, సుసుము ఓనో చూపించాడు.

ఆ ముడుచుకున్న ఎక్స్‌కి అర్థం చెప్పింది మేరీ లయన్. ఇంగ్లండ్‌లోని హార్వెల్‌లో రేడియేషన్ వల్ల ఎలుకల్లో వచ్చే మార్పుల మీద పనిచేసేవారామె. ఎక్స్ మీద రంగుకి సంబంధించిన జన్యువు మారిన ఎలుకల్లో మగవి ఒకే రంగుతో ఉండేవి, లేదా పుట్టకముందే చనిపోయేవి. ఆడవి మాత్రం మచ్చలు మచ్చలుగా, రెండు రంగులు కలగలిసి ఉండేవి. ఒకే ఎక్స్‌తో పుట్టిన ఆడ ఎలుక మామూలుగానే ఉండి పిల్లల్ని కూడా కంటుందని అప్పటికే తెలుసు. ఓనో చూపించిన ముడుచుకున్న ఎక్స్ సంగతీ తెలుసు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి 1961లో ఆమె ఒక చిన్న వ్యాసం రాశారు. పిండం చాలా చిన్నగా ఉన్నప్పుడే ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది అన్నది ఒక్కో కణంలో ఒక్కోలా ఉంటుంది. ఒకసారి మూసింది ఇక ఆ కణం సంతానమంతటిలోనూ మూసే ఉంటుంది. అరవై ఏళ్ళు దాటాక కూడా ఆ మూడు మాటల్లో కొట్టేయాల్సింది ఏమీ లేదు. నాకు ఆ వ్యాసమంటే చాలా గౌరవం. యంత్రాలు లేవు, డీఎన్ఏ క్రమం చదివే పరికరాలు లేవు, ఎలుకల బొచ్చు మీది మచ్చలే ఆధారం.

మీకు ఇంకా దగ్గర్లో ఉన్న ఉదాహరణ మూడు రంగుల పిల్లి. దాని ఎర్ర రంగు జన్యువు ఎక్స్ మీదే ఉంది. అమ్మ ఇచ్చిన ఎక్స్ ఎరుపు చెబితే, నాన్న ఇచ్చింది నలుపు చెబుతుంది. చర్మంలో రంగు చేసే కణం ఒక్కొక్కటీ ఒకదాని మాటే వింటుంది. అందుకే ఒకచోట ఎరుపు, పక్కనే నలుపు. తెల్ల భాగం వేరే జన్యువు వల్ల వస్తుంది, దానికి ఎక్స్‌తో పని లేదు. ఇలాంటి పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. అరుదుగా మగది కనిపిస్తే ఎక్కువగా అది ఎక్స్ఎక్స్‌వై. ఆ ఎర్ర రంగుకి కారణం ఎక్స్ మీద సుమారు 5 వేల అక్షరాల డీఎన్ఏ ముక్క ఊడిపోవడమనీ, దానివల్ల పక్కనున్న ఏఆర్‌హెచ్‌గ్యాప్36 అనే జన్యువు చోటు కాని చోట పనిచేయడమనీ 2025లో అచ్చయింది. జపాన్‌లో క్యూషూ విశ్వవిద్యాలయం వాళ్ళూ, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళూ విడివిడిగా అదే తేల్చారు.

2001లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఒక మూడు రంగుల పిల్లి నుంచి క్లోనింగ్‌తో ఇంకో పిల్లిని పుట్టించారు. డీఎన్ఏ అచ్చంగా అదే. కానీ పుట్టిన పిల్లి ఒంటి మీద ఎరుపే లేదు. తీసుకున్న కణంలో ఎరుపు ఎక్స్ మూతపడి ఉంది, ఆ మూత క్లోనింగ్‌లోనూ ఊడిరాలేదు. అక్షరాలు ఒకటే అయినా ఒళ్ళు వేరు. మీ అక్కచెల్లెళ్ళ కథ కూడా చాలావరకు ఇదే.

మన ఇళ్ళల్లో బొంత కుట్టడం చూసే ఉంటారు. అమ్మ పాత చీర ముక్కలు కొన్ని, నాయనమ్మవి కొన్ని, ఎలా చేతికొస్తే అలా పరిచి కుడతారు. ప్రతి ఆడమనిషి ఒళ్ళూ అలాంటి బొంతే. కొన్ని ముక్కల్లో అమ్మ ఎక్స్ మాట్లాడుతుంది, కొన్ని ముక్కల్లో నాన్నది. చర్మం మీద రంగు రూపంలో కనపడకపోవచ్చు. కాలేయంలో, రక్తంలో, కండరంలో, మెదడులో మాత్రం ఆ అతుకులున్నాయి. "క్యారియర్ అంటే సగం రోగి" అన్నా తప్పే, "క్యారియర్ అంటే ఏమీ లేదు" అన్నా తప్పే. ఆమెలో పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న కణాలు కొన్ని, పూర్తిగా లోపం ఉన్న కణాలు కొన్ని పక్కపక్కనే ఉన్నాయి. ఎన్ని ఇవి, ఎన్ని అవి, ఏ అవయవంలో అన్నదే అసలు ప్రశ్న.

ఇది ఊహ కాదని 1960ల మొదట్లోనే తేలిపోయింది. జీ6పీడీ అనే ఎంజైమ్ జన్యువు ఎక్స్ మీద ఉంది. దానిలో ఏ రకం, బీ రకం రెండూ ఉన్న స్త్రీల చర్మ కణాల్ని విడదీసి, ఒక్కో కణం నుంచి ఒక్కో గుంపు పెంచారు. ప్రతి గుంపూ ఏ మాత్రమే చేసింది, లేదా బీ మాత్రమే. రెండూ చేసిన గుంపు లేదు.

ఇప్పుడు మూత ఎలా పడుతుందో చూద్దాం. ఎక్స్ మీద దాదాపు 15 కోట్ల 60 లక్షల అక్షరాలున్నాయి. ప్రోటీన్ చేసే జన్యువులు ఎనిమిది వందలకు పైనే. ఇంత పొడవున్నదాన్ని ఆసాంతం మూయించే పని ఒకే ఒక్క జన్యువు మొదలుపెడుతుంది. దాని పేరు ఎగ్జిస్ట్. 1991లో దొరికింది. ఇది ప్రోటీన్ చేయదు. 17 వేల అక్షరాలు దాటిన పొడవైన ఆర్ఎన్ఏ చేస్తుంది. మామూలుగా ఆర్ఎన్ఏ న్యూక్లియస్ వదిలి బయటికి పోతుంది. ఇది పోదు. ఏ క్రోమోజోమ్ మీద పుట్టిందో దాన్నే అంటిపెట్టుకుని దాని మీదే పరుచుకుంటుంది. పక్కనున్న రెండో ఎక్స్ జోలికి వెళ్ళదు. మెరిసే రంగు తగిలించి మైక్రోస్కోపులో చూస్తే చీకట్లో మిణుకుమనే చిన్న మబ్బు తునకలా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఆ ఆర్ఎన్ఏ ఒంటరిగా ఏమీ చేయలేదు, పనివాళ్ళని పిలుస్తుంది. దాని మొదటి భాగంలో ఒకే తీరు అక్షరాలు మళ్ళీ మళ్ళీ వచ్చే చోటుంది. అక్కడికి స్పెన్ అనే ప్రోటీన్ వచ్చి పట్టుకుంటుంది. ఆ సంగతి 2015లో రెండు మూడు ల్యాబుల్లో ఒకేసారి బయటపడింది. స్పెన్ వెంట వచ్చే హెచ్‌డీఏసీ3 అనే ఎంజైమ్, హిస్టోన్ల మీద ఉండే ఎసిటైల్ గుర్తుల్ని తుడిచేస్తుంది. హిస్టోన్లంటే డీఎన్ఏ చుట్టుకునే ఉండలు. ఆ గుర్తులుంటే జన్యువు చదవడానికి వీలుగా తెరుచుకుని ఉంటుంది, పోతే మూసుకోవడం మొదలవుతుంది. తర్వాత పాలీకోంబ్ గుంపు ప్రోటీన్లు వచ్చి "ఇది చదవకండి" అనే గుర్తులు వేస్తాయి. చివరగా జన్యువుల మొదళ్ళలోని డీఎన్ఏ మీదే మిథైల్ గుర్తులు పడతాయి. అది తాళం మీద లక్కముద్ర లాంటిది.

ఇందులో ఒక్క డీఎన్ఏ అక్షరమూ మారలేదని గమనించండి. ఎపిజెనెటిక్స్ అంటే ఇదే. రాత అదే, చదవడానికి అనుమతే పోయింది. కణం విడిపోయినప్పుడు రాతతోపాటు ఆ గుర్తుల్ని కూడా నకలు తీసే ఏర్పాటు ఉంది. అందుకే ఐదు రోజుల పిండంలోనో వారం రోజుల పిండంలోనో తీసుకున్న నిర్ణయం అరవై ఏళ్ళ ఆమె కాలేయంలో కూడా చెల్లుతుంది. లక్కముద్ర పడ్డాక ఎగ్జిస్ట్‌ని తీసేసినా ఆ ఎక్స్ దాదాపు మూసే ఉంటుందని ప్రయోగాల్లో చూశారు. మూయడం మొదలుపెట్టడానికి ఎగ్జిస్ట్ కావాలి. మూసి ఉంచే పని ఒక్కదాని మీద ఆధారపడలేదు, మూడు నాలుగు తాళాలున్నాయి.

అమ్మది మూయాలా, నాన్నది మూయాలా అని ఎవరు తేలుస్తారన్నారు. మనుషుల్లో అది ఒక పెద్దరికం కాదు, పందెం. పిండం గర్భాశయానికి అతుక్కునే రోజుల చుట్టూ ప్రతి కణమూ విడివిడిగా వేసే గవ్వ. ఒక కణంలో అమ్మ ఎక్స్ మీద ఎగ్జిస్ట్ గెలుస్తుంది, పక్క కణంలో నాన్న ఎక్స్ మీద గెలుస్తుంది. అష్టాచెమ్మా ఆడిన వాళ్ళకి ఇక్కడ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. నాలుగు గవ్వలు వేస్తే నాలుగూ వెల్లకిలా పడటం వింతేమీ కాదు, పదహారుసార్లకి ఒకసారి పడతాయి. వెయ్యి గవ్వలు వేస్తే మాత్రం సగం అటూ సగం ఇటూనే పడతాయి. పందెం వేసే నాటికి పిండంలో ఒక్కో అవయవానికి మూలమయ్యే కణాలు కొద్దిగానే ఉంటాయి. ఆ కొద్దిలో ఎక్కువ భాగం ఒకే వైపు పడితే, ఆ మొగ్గు జీవితాంతం నిలిచిపోతుంది. అక్కకి లోపం లేని అమ్మ ఎక్స్ ఎక్కువ కణాల్లో మూతపడి ఉండొచ్చు, చెల్లికి నాన్న ఎక్స్ ఎక్కువగా మూతపడి ఉండొచ్చు. ఇద్దరిదీ ఒకే రాత, గవ్వలు వేరుగా పడ్డాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. కంగారూ జాతుల్లో ఈ పందెమే లేదు. ఒంట్లో ప్రతి చోటా నాన్న ఎక్సే మూతపడుతుంది. 1971లోనే ఇది బయటపడింది. వాటికి ఎగ్జిస్ట్ కూడా లేదు. ఆర్ఎస్ఎక్స్ అనే ఇంకో ఆర్ఎన్ఏ ఆ పని చేస్తుందని 2012లో కంగారూల దూరపు బంధువైన అమెరికన్ అపోసమ్‌లో కనుక్కున్నారు. ఎలుకల్లో మాయలో (ప్లాసెంటాలో) మాత్రం నాన్నది మూతపడుతుంది, పిండం ఒంట్లో పందెం వేస్తారు. మనుషుల్లో మాయలోనూ పందెమే. మనం కూడా కంగారూల్లా ఉంటే, లోపం నాన్న ఎక్స్ మీద ఉంది కనక మీ అక్కకీ చెల్లికీ ఇద్దరికీ ఫ్యాక్టర్ 8 నిండుగా ఉండేది. అదే లోపం అమ్మ నుంచి వచ్చిన అమ్మాయికి అసలు ఉండేది కాదు. క్యారియర్ల కష్టమంతా మన జాతి ఎంచుకున్న దారిలో ఉంది.

ఈగల్లో దారే వేరు. అక్కడ ఆడ ఈగ దేన్నీ మూయదు. మగ ఈగ తన ఒక్క ఎక్స్‌తో రెట్టింపు పని చేయిస్తుంది. డ్రోసోఫిలా లాలాజల గ్రంథుల పెద్ద క్రోమోజోముల మీద ఆ రెట్టింపును నేరుగా కొలిచి చూపించింది కలకత్తాకు చెందిన ఏ.ఎస్. ముఖర్జీ, జర్మన్ శాస్త్రవేత్త బీర్మన్‌తో కలిసి, 1965లో. మన విద్యార్థులకి ఈ పేరు చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి చెబుతున్నాను.

మళ్ళీ మీ ఇంటికి వస్తాను. ఫ్యాక్టర్ 8 ప్రధానంగా కాలేయంలోని రక్తనాళాల లోపొర కణాల్లో తయారై రక్తంలో కలుస్తుంది. మంచి కణాలు చేసింది ఒళ్ళంతా తిరుగుతుంది కాబట్టి మొత్తం మీద సగటు ఎంతన్నదే లెక్క. క్యారియర్లలో సగటున అది సగానికి అటూఇటూ ఉంటుంది. మామూలు మనుషుల్లో 50 నుంచి 150 శాతం. కానీ క్యారియర్లలో కొందరికి 20 శాతం ఉంటుంది, కొందరికి 100 శాతం. 40 కంటే తక్కువున్న స్త్రీని ఇప్పుడు క్యారియర్ అని ఊరుకోరు, హీమోఫీలియా ఉన్న మనిషిగానే నమోదు చేయాలని 2021లో అంతర్జాతీయంగా పేర్లు మార్చారు. 40 పైన ఉన్నా రక్తస్రావం ఉంటే దానికీ వేరే పేరు పెట్టారు. పేరు మారితే వైద్యం మారుతుంది, అందుకే ఇది నాకు ముఖ్యంగా అనిపిస్తుంది.

మొత్తం తేడాని గవ్వల మీదికే నెట్టేయకూడదు కూడా. ఓ గ్రూపు రక్తం ఉన్నవాళ్ళకి వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్ అనే ఇంకో రక్త ప్రోటీన్ తక్కువ, దాన్ని పట్టుకుని ఉండే ఫ్యాక్టర్ 8 కూడా తక్కువే. అక్కది ఓ, చెల్లిది ఏ అయితే అదీ కొంత కారణం కావచ్చు. ఎక్స్ మొగ్గు ఎటుందో చెప్పే పరీక్ష ఒకటుంది. ఎక్స్ మీద ఆండ్రోజెన్ రిసెప్టర్ జన్యువులో మిథైల్ గుర్తు ఏ ప్రతి మీద ఉందో చూస్తారు. మా ల్యాబ్‌లో చాలానే చేశాను. కానీ అది చూసేది తెల్ల రక్తకణాల్ని. మీకు కావలసింది కాలేయం సంగతి. బొంతలో ఒక మూల చూసి ఇంకో మూల చెప్పలేం. దానికి డబ్బు పెట్టొద్దు, ఫ్యాక్టర్ 8 కొలిపించండి చాలు.

అన్ని ఎక్స్ జబ్బులూ క్యారియర్లలో ఒకేలా ఉండవు. ఫ్యాక్టర్ 8 రక్తంలో పంచుకునే వస్తువు. కొన్ని పంచుకునేవి కావు. చెమట గ్రంథులు సరిగా ఏర్పడని ఎక్స్ జబ్బు ఒకటుంది. దాని క్యారియర్ వీపు మీద అయోడిన్, పిండి పూసి చెమట పట్టిస్తే, చెమట పట్టిన చారలు, పట్టని చారలు విడివిడిగా కనిపిస్తాయి. బొంత అతుకులు కళ్ళతో చూడటమంటే అదే. జీ6పీడీ లోపం ఇంకోలా ఉంటుంది. ఎర్ర రక్తకణం ఎవరి ఎంజైమ్ వాళ్ళే వాడుకోవాలి. సగం కణాలు పూర్తి బలంగా, సగం పూర్తి బలహీనంగా ఉన్న స్త్రీకి మామూలు స్క్రీనింగ్ పరీక్ష "నార్మల్" అని చూపించవచ్చు. మలేరియా వైవాక్స్‌కి ప్రిమాక్విన్ పద్నాలుగు రోజులు ఇస్తే ఆ బలహీనమైన సగమూ పగిలిపోవచ్చు. మన్యం ప్రాంతాల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలు ఇది గుర్తుంచుకోవాలి. పరీక్ష నార్మల్ వచ్చిన ఆడవాళ్ళకైనా "మూత్రం కోలా రంగులో వస్తే మందు ఆపి రండి" అని చెప్పి పంపాలి. ఇంకొన్ని జబ్బుల్లో లోపం ఉన్న రక్తకణాలు పోటీలో ఓడిపోయి కనుమరుగైపోతాయి. లెష్-నైహాన్ అనే అరుదైన ఎక్స్ జబ్బు క్యారియర్ల రక్తంలో లోపం ఉన్న కణాలు దాదాపు మిగలవు. డుషేన్ కండరాల జబ్బు క్యారియర్లలో కొందరికి పిక్కల నొప్పులు, గుండె బలహీనత వస్తాయి. వాళ్ళకి గుండె పరీక్షలు మానకూడదు.

టర్నర్ ప్రశ్న మంచి ప్రశ్న. మూత అంటే అంతా మూత కాదు. మనుషుల్లో మూతపడ్డ ఎక్స్ మీద కూడా సుమారు 15 శాతం జన్యువులు తప్పించుకుని పనిచేస్తూనే ఉంటాయి. ఇంకో 10 శాతం ఒకరిలో తప్పించుకుంటాయి, ఒకరిలో తప్పించుకోవు. ఈ లెక్కలు 2005లో వచ్చాయి. ఎక్స్ రెండు కొసల్లోనూ వైతో పోలిన భాగాలున్నాయి, పై కొసనున్నదాంట్లో షాక్స్ అనే జన్యువు ఉంది. ఎముకల పొడవుకి దాని రెండు ప్రతులూ కావాలి. మగవాళ్ళకి ఎక్స్ మీద ఒకటి, వై మీద ఒకటి. ఆడవాళ్ళకి రెండు ఎక్స్‌ల మీదా. టర్నర్ అమ్మాయికి ఒకటే, అందుకే పొట్టిగా ఉంటుంది. పైగా అండంగా మారబోయే కణాల్లో మూతపడ్డ ఎక్స్ మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ కణాలకి రెండు ఎక్స్‌లూ మెలకువగా కావాలి. లేకపోతే అవి తొందరగా రాలిపోతాయి. టర్నర్‌లో అండాశయాలు త్వరగా ఖాళీ అయిపోవడంలో దీని పాత్ర పెద్దది. ఎలుకల్లో తప్పించుకునే జన్యువులు చాలా తక్కువ. ఒక్క ఎక్స్ ఉన్న ఆడ ఎలుక మామూలుగా ఉండటానికి ఇదొక కారణం. మేరీ లయన్ చూసింది ఎలుకనే కనక ఆమెకి ఈ అడ్డంకి ఎదురుకాలేదు.

తప్పించుకోవడానికి ఇంకో వైపు కూడా ఉంది. రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. రోగనిరోధక కణాల్లో టీఎల్‌ఆర్7 అనే జన్యువు మూత తప్పించుకుంటుందని 2018లో చూపించారు. ఎక్స్ఎక్స్‌వై పురుషులకి కూడా లూపస్ వచ్చే అవకాశం మిగతా మగవాళ్ళకంటే చాలా ఎక్కువ.

మగవాళ్ళలోనూ ఎక్స్ మూతపడే చోటు ఒకటుంది. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములన్నీ జతలు కడతాయి. ఎక్స్, వై మాత్రం కొసల్లో తప్ప జతకట్టలేవు. జత దొరకని డీఎన్ఏ మీద ఏటీఆర్, బీఆర్‌సీఏ1 లాంటి ప్రోటీన్లు చేరి, హిస్టోన్ల మీద హెచ్చరిక గుర్తులు వేసి, రెండింటినీ న్యూక్లియస్‌లో ఓ మూలకి నెట్టి మూసేస్తాయి. దీనికి ఎగ్జిస్ట్ అక్కర్లేదు. ఎక్స్ మీదున్న పీజీకే1 మూతపడే ఆ సమయంలో చక్కెర ఖర్చుపెట్టే పని నడవడానికి, దాని నకలు పీజీకే2 వేరే క్రోమోజోమ్ మీద సిద్ధంగా ఉంది. ఆ మూత సరిగా పడకపోతే వీర్యకణాలు మధ్యలోనే చనిపోతాయి.

ఇప్పుడు అక్క సంగతి. గర్భంలో ఫ్యాక్టర్ 8 సహజంగానే పెరుగుతుంది. ఐదో నెలలో కొలిస్తే 70 వచ్చి "బాగానే ఉంది కదా" అనిపించవచ్చు. దాన్ని చూసి మోసపోవద్దు. పాత రిపోర్టు ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టి చూడమనండి. ఏడో నెల తర్వాత మళ్ళీ కొలిపించండి. కాన్పు సమయానికి 50 దాటి ఉండాలి. పుట్టేది బాబైతే అతనికి జబ్బు ఉండే అవకాశం సగం. అది ముందే తెలియదు కాబట్టి వాక్యూమ్, ఫోర్సెప్స్ వాడొద్దని ప్రసూతి డాక్టరుతో ఇప్పుడే మాట్లాడండి. పుట్టగానే బొడ్డుతాడు రక్తంలో ఫ్యాక్టర్ 8 చూడాలి. ఆ ఫలితం వచ్చేదాకా బిడ్డకి కండరంలోకి ఇంజెక్షన్లు వద్దు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది కాన్పు తర్వాత. పెరిగిన ఫ్యాక్టర్ 8 కొద్ది రోజుల్లోనే మళ్ళీ కిందికి దిగుతుంది. పచ్చిబాలింతగా పుట్టింట్లో ఉన్నప్పుడు, ఇంట్లో అంతా ఊపిరి పీల్చుకున్నాక, రెండో వారంలోనో మూడో వారంలోనో రక్తం పోవడం పెరగవచ్చు. "బాలింతలకి మామూలే" అని పెద్దవాళ్ళు అనొచ్చు. గంటకో ప్యాడ్ తడిస్తే వెంటనే బయల్దేరండి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వొద్దు. నెత్తురు పోవడాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మందు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో హెమటాలజిస్టుతో ముందే రాయించుకుని, ఆ కాగితం, నాన్నగారి జబ్బు వివరాలు, అక్క ఫ్యాక్టర్ 8 రిపోర్టులు మూడూ కలిపి ఒక కవర్లో పెట్టి ఆసుపత్రి సంచిలో ఉంచండి. చెల్లికి ఆపరేషన్ బాగానే జరిగింది కదా అని వదలకుండా ఆమెకీ ఒకసారి కొలిపించండి. రిపోర్టులు వచ్చాక అంకెలు ఇక్కడ పెడితే చూస్తాను.